ఎనిమిది జవాబులు

ఆ పెద్ద కోర్టులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా కనబడేది కాదు. జవాన్లు మొదలుకొని వకీళ్ల దాకా అందరికీ ఆమె టకటకమ్మ. ముఖం మీద 'మేడమ్' అనేవారు, వెనుదిరగగానే టకటకమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు; తెలిసినట్టు ఎన్నడూ కనుబొమ్మయినా కదపలేదు. ముప్ఫై నాలుగేళ్లపాటు ఊళ్లోని అబద్ధాలన్నిటికీ టైపు మిషను మీద నాలుగేసి ప్రతులు తీసిన మనిషికి, తన మీద పుట్టిన ఒక ముద్దుపేరు పెద్ద విశేషం కాదు.

ఆమె బల్ల జడ్జిగారి వేదికకు సరిగ్గా కింద ఉండేది. అక్కడ కూర్చున్నవారికి జడ్జిగారి గొంతు వినబడుతుంది గాని ముఖం కనబడదు. సాక్షి ముఖమూ కనబడదు. బోనుకు అడుగు చెక్క ఊడిపోయిన సందులోంచి పాదాలు మాత్రం కనబడతాయి. అందుచేత మనుషులను పాదాలను బట్టి అంచనా కట్టడం ఆమె నేర్చుకుంది. నిజం చెప్పేవాడు ఒక కాలి మీంచి మరొక కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంటాడు, వాడికి గుర్తు తెచ్చుకోవలసిన పని ఉంటుంది గనక. కంఠతా పట్టి వచ్చినవాడు రెండు కాళ్లూ పాతేసినట్టు నిలబడతాడు. ఈ సిద్ధాంతాన్ని ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయలేదు. రాసి ఉంటే దానికీ ఒక నిపుణుడు తయారయ్యేవాడు.

నిపుణులంటే ఆమెకు ఒళ్లుమంట. తెలియని ప్రశ్న అడిగితే మామూలు సాక్షి 'నాకు తెలీదండి' అని ఊరుకుంటాడు. నిపుణుడు ఆ రెండు ముక్కలూ అనకుండా తప్పించుకోవడానికి ముప్పావుగంట మాట్లాడతాడు. చేతిరాత నిపుణుడొకాయన ఒకే సంతకాన్ని జనవరిలో అసలుదనీ, ఆగస్టులో మరొక దావాలో దొంగదనీ ప్రమాణం చేసి చెప్పాడు. రెండుసార్లూ కొట్టింది ఈమే. రెండోసారి ఆయన బోను దిగి వెళ్తూ వెళ్తూ ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"మీ స్పీడు అద్భుతమమ్మా!"

"మీదీ తక్కువేం కాదండి."

ఆయన దాన్ని కూడా మెప్పుగానే స్వీకరించి, తల పంకించి వెళ్లిపోయాడు.

బైండరు కేసు విచారణకు వచ్చేనాటికి ఆమె ఉద్యోగ విరమణకు అయిదు నెలలుంది. ముద్దాయి పుస్తకాలకు అట్టలు కట్టే మనిషి. కోర్టులో అందరూ బైండరనే అనేవారు. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, అతను అద్దెకుంటున్న మేడలో ఇంటి యజమానురాలు మూడో అంతస్తు మెట్ల మీంచి పడి చనిపోయింది. ఆవిడకు డెబ్బయి ఆరేళ్లు. మెట్ల పక్క కమ్మీ విరిగి అప్పటికి నాలుగు నెలలు. అది ప్రమాదమని అనుకునేపాటి తెలివి పోలీసులకు మొదటిరోజు ఉండేది. మర్నాడు బైండరు తనంతట తాను స్టేషనుకు నడిచి వెళ్లి "నేనే చంపాను" అనడంతో ఆ తెలివి కాస్తా ఎగిరిపోయింది. తను కాలు కదపకుండానే హంతకుడు గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఏ ఇన్‌స్పెక్టరు వద్దంటాడు? నాలుగోరోజున చిన్న కోర్టులో, మెజిస్ట్రేటు ఎదుట, నేరం ఒప్పుకుంటున్నట్టు వాంగ్మూలం ఇప్పించారు.

చూసినవాడు లేడు. విన్నవాడు లేడు. కేసంతా ఆ వాంగ్మూలం తాలూకు మూడు కాగితాల మీద నిలబడింది. అవి నిలిస్తే బైండరు జన్మంతా జైల్లోనే. అవి పోతే కేసే లేదు. పోవాలంటే, ఆ వాంగ్మూలం ఇచ్చిన రోజున అతని మతి స్థిమితంలో లేదని తేలాలి. ఆ సంగతి తేల్చడానికి ఇద్దరు మనోవైద్యులు వచ్చారు: సర్కారు తరఫున పెద్దాసుపత్రి డాక్టరు, ముద్దాయి తరఫున ఒక ప్రొఫెసరు.

డాక్టరుగారి బూట్లు నిగనిగలాడుతున్నాయి. రెండు కాళ్లూ పాతేసినట్టున్నాయి. ముద్దాయిని ఆయన రెండుసార్లు చూశాడట, ఒకసారి పదకొండు నిమిషాలు, ఒకసారి పంతొమ్మిది.

"ముద్దాయికి ఉన్మాద లక్షణాలేమైనా కనిపించాయా?" అని అడిగాడు సర్కారు వకీలు.

"లేవు. నటిస్తున్నాడు."

"దేన్ని బట్టి చెబుతున్నారు?"

"ముఖ్యంగా ఈ వాంగ్మూలాన్ని బట్టి. మొదట్లో మెజిస్ట్రేటుగారు ఎనిమిది ప్రశ్నలు వేశారు. ఎనిమిదింటికీ ఎంత పొందికైన జవాబులిచ్చాడో చూడండి. ఏడోది చదువుతాను. 'ఆలోచించుకొనుటకు నాకిచ్చిన గడువు చాలినది. నా మనస్సు ప్రశాంతంగా ఉన్నది.' భ్రమల్లో ఉన్నవాడు తన మనస్సును ఇలా పక్కన నిలబడి చూసుకోలేడు. ఇది పూర్తి ఆరోగ్యవంతుడి వాక్యం. నా ముప్ఫై ఏళ్ల అనుభవంలో ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం చూడలేదు."

టకటకమ్మ వేళ్లు కొడుతూనే ఉన్నాయి గాని చెవులు వేడెక్కాయి. మొట్టమొదట ఆమెకు కలిగినది గర్వం. ఒక్క క్షణమే అయినా, కలిగిన మాట నిజం. ఎందుకంటే ఆ వాక్యం ఆమెదే.

చిన్న కోర్టు పని తీరు తెలియనివారికి ఇక్కడ కొంత చెప్పాలి. రెండేళ్ల కిందటి దాకా ఆమె పొద్దుటిపూట ఆ కోర్టులోనూ, మధ్యాహ్నం నుంచి పెద్ద కోర్టులోనూ టైపు కొట్టేది. నేరం ఒప్పుకుంటానని వచ్చినవాణ్ణి మెజిస్ట్రేటు ముందుగా ఎనిమిది ప్రశ్నలు అడగాలి. నీ ఇష్టంతోనే చెబుతున్నావా, ఎవరైనా బెదిరించారా, ఆశ పెట్టారా, చెప్పకపోయినా ఫరవాలేదని తెలుసా, ఈ ధోరణి. ప్రశ్నలు మారవు. జవాబులూ మారకూడదు, మారితే వాంగ్మూలం చెల్లదు. చెల్లకపోతే అందరి శ్రమా వృథా. అందుచేత ఆమెకు ముందు అక్కడ పనిచేసిన ముసలి గుమాస్తా, ప్రశ్నలతోపాటు జవాబులు కూడా కొట్టి, పేరుకూ తేదీకీ ఖాళీ వదిలి, నలభై కాగితాలు సొరుగులో సిద్ధంగా ఉంచేవాడు. "పొద్దస్తమానం అదే కొట్టడమెందుకమ్మాయ్? ఖాళీలు నింపుకో, సంతకం పెట్టించుకో, పైకి పంపేయ్" అని ఆమెకు పని అప్పగించి వెళ్లాడు. తప్పు చేస్తున్నామన్న ఊహ ఆయనకు లేదు, ఆమెకూ కలగలేదు. అది పనితనం.

అయితే ముసలి గుమాస్తా వచనం బీదది. ఏడో జవాబు కింద 'చాలినది' అన్న ఒక్క మాట కొట్టేవాడు. అంత వెడల్పు కాగితం మీద అది ఒంటరిగా, దిక్కులేనిదానిలా కూర్చునేది. ఆమెకు చూడబుద్ధి కాలేదు. ఒక మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడు దాన్ని పూర్తి వాక్యం చేసి, పక్కన 'నా మనస్సు ప్రశాంతంగా ఉన్నది' అని ఇంకొకటి చేర్చింది. మెజిస్ట్రేటు చదివి "బావుందమ్మా, నిండుగా ఉంది" అన్నాడు. ఆ తరవాత ఎనిమిదేళ్లపాటు జేబుదొంగలకు, కొంపలంటించినవారికి, మొగుణ్ణి నరికినవారికి, పెళ్లాన్ని నరికినవారికి, అందరికీ మనస్సు ప్రశాంతంగానే ఉంది. ఆ ఊళ్లో నేరం చేసినవారికి ఉన్నంత మనశ్శాంతి, చేయనివారి మొహాల్లో ఆమె ఎన్నడూ చూడలేదు.

భోజనాల వేళకు కోర్టు లేచింది. వరండా బెంచీ మీద బైండరు అక్క కూర్చుని ఉంది. ఇస్త్రీ కొట్లో పని. కుడి అరచెయ్యి కాయలు కాచి, నున్నగా మెరుస్తూ ఉంటుంది. ప్రతి వాయిదాకూ వచ్చి అదే బెంచీ మీద కూర్చునేది.

"అమ్మా, మీరు లోపల కొడుతుంటారు గదా, ఒక్క మాట అడగనా?" అంది.

"అడుగు."

"ఆ డాక్టరు చదివింది మా తమ్ముడన్నదేనా? వాడికి 'ప్రశాంతం' అన్న మాటే రాదమ్మా. పుట్టి బుద్ధెరిగాక వాడి నోట ఆ మాట నేను విన్లేదు. అప్పటికి నెలరోజుల్నుంచీ నిద్రపోడు, గోడకి చెవి ఆనించి కూర్చుంటాడు. ఎవర్రా అంటే, వాళ్లు మాట్లాడుతున్నారు, నువ్వూరుకో అక్కా అంటాడు. అలాంటోడు ఇంత చక్కగా ఎలా మాట్లాడాడమ్మా?"

టకటకమ్మ దగ్గర జవాబు ఉంది. అయినా "నాకు పనుంది" అని లోపలికి వెళ్లి, పని లేని బల్ల దగ్గర కూర్చుంది.

సాయంత్రం ఇంట్లో భర్తతో చెప్పింది. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. పెళ్లానికి కోర్టువారని పేరు పెట్టుకున్నాడు.

"అయితే కోర్టువారు రాసిన సాహిత్యాన్ని డాక్టరుగారు మెచ్చుకున్నారన్నమాట. శాలువా కప్పలేదూ?"

"వేళాకోళాలు తరవాత. ఆ మనిషి జన్మంతా జైల్లో కుళ్లిపోతాడు, నేను కొట్టిన ముక్కకి."

"ఒక్క ముక్కకే పోతాడా? చంపానని తనే అన్నాడుగా."

"ఏమన్నాడో నాకు గుర్తులేదు. రోజుకొకడొచ్చేవాడు. పెద్ద కోర్టుకి రెండున్నర బస్సెక్కేసరికి మర్చిపోయేదాన్ని."

"అయిదు నెలలే ఉంది నీకు. నోరు మూసుకుంటే పూలదండేసి పంపుతారు. తెరిస్తే మెమో ఇచ్చి పంపుతారు. నాకైతే ఎలా వచ్చినా ఒకటే, ఇంటికే గదా వచ్చేది" అన్నాడు.

గుర్తులేకపోయినా రాసుకున్నది ఉండాలి. ముద్దాయి చెప్పేది ఆమె ముందుగా షార్ట్‌హ్యాండులో తీసుకునేది. దాన్ని మెజిస్ట్రేటు తన మాటల్లో చెబితే, ఆ చెప్పింది టైపు కొట్టేది. ఆ నోటుపుస్తకాలు రెండేళ్లకు తగలబెట్టాలని నిబంధన. మర్నాడు తెల్లవారగానే ఆమె చిన్న కోర్టుకు వెళ్లింది. పాత జవాను బీరువా తాళం ఇస్తూ "తగలబెట్టే మూడ్ ఎవరికుంది మేడమ్, అలాగే పడున్నాయి" అన్నాడు. ఆ కోర్టులో న్యాయాన్ని శ్రద్ధ కన్న బద్ధకమే ఎక్కువసార్లు కాపాడి ఉంటుంది.

పుస్తకం దొరికింది. తన గీతలు తనే చదువుకుంది. 'ఎవరైనా బెదిరించారా?' అన్న ప్రశ్నకు బైండరు చెప్పిన జవాబు: "అందరూ. గోడలోవాళ్లు కూడా." దాని కింద మెజిస్ట్రేటు మాట: "అది అక్కర్లేదు. కాగితం మీద ఉన్నది ఉండనీ." ఇంకొంచెం కిందికి: "నేనప్పుడు మూడు వీధుల అవతల కొట్లో అట్ట కడుతున్నాను. అక్కణ్ణుంచే తోశాను. చేతులతో కాదు. నేననుకుంటే చాలు, జరిగిపోతుంది. వంతెన మీంచి బస్సు పడలేదూ, అదీ నేనే. ఆ డ్రైవరుకి పిల్లలున్నారట, వాళ్ల కాళ్లు పట్టుకుంటాను." ఇంత చెబితే మెజిస్ట్రేటు చెప్పినదీ, ఆమె కొట్టినదీ ఒక్క వాక్యం: 'నేనే ఆమెను మెట్ల మీంచి తోశాను.' మూడు వీధులూ, కొట్టూ, బస్సూ, డ్రైవరు పిల్లలూ సంక్షిప్తతలో కొట్టుకుపోయాయి. ఆ మెజిస్ట్రేటుకు తరవాత ప్రమోషను వచ్చింది. వాంగ్మూలాలు క్లుప్తంగా ఉంటాయని పేరు.

ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని, పెద్ద కోర్టు వరండాలో ముద్దాయి వకీలును పట్టుకుంది. ఆయన విని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఎంత పని చేశారు మేడమ్! మన ప్రొఫెసరుగారు ఆ ఏడో జవాబు మీదే గంటసేపు చెప్పబోతున్నారు. ఇప్పుడది ముద్దాయిది కాదంటే ఆయన రిపోర్టేం కావాలి?"

"రిపోర్టు సంగతి కాదండీ, మనిషి సంగతి."

"మనిషి కోసమే గదా రిపోర్టు! మీరు దయచేసి ఏమీ అనకండి. నేను చూసుకుంటా."

ఆయన ఎలా చూసుకుంటాడో ఆమె ముప్ఫై నాలుగేళ్లుగా చూస్తూనే ఉంది.

ప్రొఫెసరు నాలుగు లావుపాటి పుస్తకాలతో బోనెక్కాడు. రంగురంగుల చీటీలు పుస్తకాల్లోంచి నాలుకల్లా బయటికి వేలాడుతున్నాయి. ఈయన బూట్లకు నిగనిగ లేదు, అంతే తేడా. కాళ్లు మాత్రం అలాగే పాతుకున్నాయి.

"నిన్నటి డాక్టరుగారు గౌరవనీయులే, కాని పొరబడ్డారు" అని మొదలుపెట్టాడు. "అదే ఏడో జవాబు తీసుకోండి. నేరం ఒప్పుకుంటున్న మనిషికి ప్రశాంతత ఎక్కణ్ణుంచి వచ్చింది? అది ప్రశాంతత కాదు. భావాలన్నీ ఎండిపోయిన శూన్యం. ఎనిమిది జవాబుల్లోనూ గొంతు ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా ఒకేలా ఉండటం గమనించండి. ఇది ఉన్మాదపు ముద్ర. ఈ వాక్యం రాసిన మనస్సు వాస్తవంతో తెగతెంపులు చేసుకున్న మనస్సు."

టకటకమ్మ అక్కడిదాకా కొట్టింది. నిన్న ఒక పండితుడు తనను పూర్తి ఆరోగ్యవంతురాలన్నాడు. ఇవాళ ఇంకొక పండితుడు, నాలుగు పుస్తకాల సాక్షిగా, తనకు పిచ్చి పట్టిందంటున్నాడు. ఇద్దరూ ప్రమాణం చేశారు, ఇద్దరూ జీవితమంతా చదివారు. అట్ట కట్టుకునే ఆ మనిషి అసలేమన్నాడని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. వాళ్లను ఎంత తిట్టుకున్నా ఆమెకు తృప్తి కలగలేదు. ఎందుకంటే వాళ్లు ఆమె కొట్టింది నమ్మారు, ఆమె మాత్రం తన చెవులతో విని కూడా మరొకటి కొట్టింది.

టైపు మోత ఆగింది. ఆ హాల్లో పంకా మోత ఉన్నట్టు చాలామంది మొదటిసారి గమనించారు.

"ఏమైందమ్మా?" అన్నారు పైనుంచి జడ్జిగారు.

ఆమె లేచి నిలబడి వేదిక వైపు తిరిగింది. "సార్, ఆ మాట ముద్దాయిది కాదు. నాది."

"ఏ మాట?"

"ప్రశాంతంగా ఉన్నదన్నది సార్. ఆ ఎనిమిది జవాబులూ ముద్దాయి లోపలికి రాకముందే కొట్టి ఉన్నాయి. అతను చెప్పింది వేరు. నా నోట్సు సంచిలో ఉంది."

ముద్దాయి వకీలు కళ్లు మూసుకున్నాడు. ప్రొఫెసరు ఒక చీటీ తీసి, మళ్లీ అదే పేజీలో పెట్టాడు.

జడ్జిగారు ఆమె చేత ప్రమాణం చేయించి బోనెక్కించారు. ఆమె బల్ల దగ్గర ఒక చిన్న గుమాస్తాను కూర్చోబెట్టారు. అతను రెండు వేళ్లతో, ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుంటూ కొట్టాడు. నోటుపుస్తకం చదవడానికి పావుగంట పట్టవలసింది, గంటన్నర పట్టింది. గోడలోవాళ్లు, మూడు వీధులు, బస్సు, డ్రైవరు పిల్లలు, అన్నీ ఒక్కొక్కటిగా మూడేళ్లు ఆలస్యంగా రికార్డులోకి వచ్చాయి.

సర్కారు వకీలు అడ్డప్రశ్నలకు లేచాడు.

"మీరు మనోవైద్యం చదివారా?"

"లేదండి."

"మరి ముద్దాయికి పిచ్చి ఉందో, నటిస్తున్నాడో మీకెలా తెలుసు?"

"నాకు తెలీదండి. అతనేమన్నాడో తెలుసు, అంతే."

"ఇతని ఒక్కడి విషయంలోనే ఇంత శ్రద్ధగా ముందే కొట్టిపెట్టుకున్నారా? ఇంకెన్ని కొట్టారు ఇలా?" బెదురుతుందని అడిగాడు.

"అన్నీ."

"అన్నీ అంటే?"

"ఎనిమిదేళ్లలో నా చేతి మీదుగా వెళ్లినవన్నీ. నాకు ముందున్న గుమాస్తాగారు ఇరవయ్యేళ్లు అలాగే చేశారు. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను."

సర్కారు వకీలు ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంటానన్నాడు. అవతల జైల్లో ఎంతమంది ప్రశాంతంగా ఉన్నారో ఆయన మనస్సు లెక్క కట్టుకుంటూ ఉండాలి. చిన్న గుమాస్తా తలెత్తాడు.

"సార్, 'అన్నీ' అని కొట్టనా?"

జడ్జిగారు తమ కుర్రతనంలో అదే చిన్న కోర్టులో రెండేళ్లు మెజిస్ట్రేటుగా చేశారు.

"కొట్టు" అన్నారు చివరికి.

తీర్పు మూడు వారాలకు వచ్చింది. వాంగ్మూలం చెల్లదన్నారు, బైండరును విడుదల చేయమన్నారు. అదే తీర్పులో, ఉభయ నిపుణుల పాండిత్యం న్యాయస్థానానికి ఎంతో ఉపకరించినదని ఒక పేరా కూడా ఉంది. టకటకమ్మకు మెమో వచ్చింది, విచారణ సమయంలో అనుమతి లేకుండా మాట్లాడినందుకు. ముందే కొట్టిన కాగితాలు వాడరాదని చిన్న కోర్టుకు ఉత్తర్వు వెళ్లింది. పది రోజుల్లోగా అక్కడ తొమ్మిదో ప్రశ్న ఒకటి చేర్చారని పాత జవాను వచ్చి చెప్పాడు. 'పై జవాబులు ముందుగా టైపు చేయబడినవా?' దాని కింద జవాబు: 'కాదు.' అదీ ముందే కొట్టి ఉంది.

తీర్పు రోజున వరండాలో అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని నిలబడింది. మూడేళ్లూ జైల్లో అతనికి వైద్యం చేసినవారెవరూ లేరు. నిపుణులిద్దరూ వచ్చింది పరీక్షించడానికే. ఇప్పుడు ఏదో చిన్న ఆసుపత్రిలో చూపించాలట. బైండరు టకటకమ్మను చూసి, అక్క చెయ్యి విడిపించుకుని దగ్గరికి వచ్చాడు. అతని ముఖాన్ని ఆమె అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"అమ్మా, ఆ రోజు మీరు కొడుతూ కొడుతూ లేచి నిలబడ్డారు చూడండి" అన్నాడు రహస్యంగా.

"అవును బాబూ."

"అది నేనే చేయించాను. లోపల్నించి గట్టిగా అనుకున్నాను. మీ ఉద్యోగానికి ఏమైనా అయితే తప్పు నాది. ఎక్కడికొచ్చి ఒప్పుకోమంటే అక్కడికొచ్చి ఒప్పుకుంటాను."

"ఒరే, ఒప్పుకుంది చాలు గాని నడువు" అంది అక్క, మళ్లీ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. "పన్నెండు దాటితే ఆసుపత్రిలో చీటీ ఇవ్వరు."